జనం తరఫున పాలసీ చదివిన లాయరు

బీమా, చట్టం: పాఠకుల ప్రశ్నలకు న్యాయవాది జవాబులు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. గత సంచికలో ఒక జవాబు చివర హెర్బర్ట్ డెనెన్‌బర్గ్ అనే అమెరికా బీమా కమిషనర్ పేరు రాసి, ‘లా చదివేవాళ్లు ఈయన గురించి తెలుసుకోవాలి’ అన్నారు. అంతకు మించి చెప్పలేదు. ఆయన ఎవరు? మాలాంటివాళ్లు తెలుసుకోవాల్సినంత ఏం చేశారు?
– లా మూడో సంవత్సరం విద్యార్థి, నంద్యాల

జవాబు: ఆ పేరు పట్టుకుని అడిగినందుకు చాలా సంతోషంగా ఉంది. ఈసారి వివరంగానే రాస్తాను.

ముందు ఆ ఉద్యోగం సంగతి. అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీలను ప్రధానంగా అదుపు చేసేది కేంద్ర ప్రభుత్వం కాదు, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే. కంపెనీలకు, ఏజెంట్లకు లైసెన్సులు ఇవ్వడం, ప్రీమియం రేట్ల ఫైళ్లు చూడడం, పాలసీ కాగితంలో ఏం రాశారో పరిశీలించడం, కంపెనీ ఖాతాలు తనిఖీ చేయడం, దివాలా దశకు వచ్చిన కంపెనీని చేతిలోకి తీసుకోవడం, ఇవన్నీ రాష్ట్ర ఇన్సూరెన్స్ కమిషనర్ పనులు. దాదాపు ప్రతిదీ చట్టంతో ముడిపడిందే. రేటు పెంచడానికి ఒప్పుకోకపోతే కంపెనీ కోర్టుకు వెళ్తుంది. విచారణ ఎలా జరపాలో, కోర్టులో నిలబడేలా ఉత్తర్వు ఎలా రాయాలో తెలిసినవాళ్లు ఆ కుర్చీలో ఉంటే ఆ శాఖ బలమే వేరు.

డెనెన్‌బర్గ్ 1929లో నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహాలో పుట్టారు. అక్కడి క్రైటన్ యూనివర్సిటీలో లా, హార్వర్డ్‌లో ఎల్‌ఎల్‌ఎం, పెన్సిల్వేనియా యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేశారు. ఆ యూనివర్సిటీకే చెందిన వార్టన్ స్కూల్లో ఇన్సూరెన్స్ ప్రొఫెసర్‌గా స్థిరపడ్డారు. పాఠం చెప్పి ఇంటికెళ్లే ప్రొఫెసర్ కాదు. ప్యూర్టో రికోలో రోడ్డు ప్రమాద బాధితుల కోసం, తప్పు ఎవరిదన్న వాదన లేకుండా వైద్యం, పరిహారం అందే పథకాన్ని అక్కడి ప్రొఫెసర్ హువాన్ అపొంటేతో కలిసి రూపొందించారు. 1968లో అది చట్టమైంది. ఆసుపత్రి మంచం మీద ఉన్నవాడు లాయరును పెట్టుకుని ఏళ్లతరబడి తిరగకుండా ఉండాలని ఒక లాయరే ఆలోచించడం నన్ను మొదట ఆయన వైపు లాగింది. నేను మోటారు ప్రమాద కేసులు వాదించేదాన్ని. ఆ తిరుగుడు ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

1971లో పెన్సిల్వేనియా గవర్నర్ మిల్టన్ షాప్ ఆయన్ను రాష్ట్ర ఇన్సూరెన్స్ కమిషనర్‌గా నియమించారు. ఆ పదవిలో ఉన్నది మూడేళ్లకు కొంచెం అటూ ఇటూ. అంతలోనే దేశమంతా ఆయన పేరు మారుమోగింది. జనం మోసపోయింది ఇక చాలు అనే భావం వచ్చేలా లాటిన్‌లో ఒక నినాదాన్ని కూడా పెట్టుకున్నారు. అసలు నినాదం నేను రాసినంత మర్యాదగా ఉండదు.

ఆయన ఏం చేశారంటే, శాఖ దగ్గర ఫైళ్లలో మూలుగుతున్న సమాచారాన్ని తీసి జనం చేతిలో పెట్టారు. ఇవాళ మనం ఫోన్లో పది కంపెనీల ప్రీమియం పక్కపక్కన పెట్టి చూస్తున్నాం. 1972లో మామూలు మనిషికి ఆ వీలు లేదు. ఏజెంటు ఏది చెబితే అదే. పైగా జీవిత బీమాలో ప్రీమియం ఒక్కటి చూస్తే సరిపోదు. మధ్యలో వచ్చే బోనస్ ఎంత, పాలసీ వదులుకుంటే చేతికి తిరిగొచ్చేది ఎంత, ఇవన్నీ తీసేస్తే గాని అసలు ఖర్చు తేలదు. డెనెన్‌బర్గ్ శాఖ ఆ లెక్క కట్టి, తక్కువ ఖర్చు పడే కంపెనీలేవో, ఎక్కువ పడేవేవో పేర్లతో సహా చిన్న పుస్తకంగా అచ్చేసింది. ఒకే వయసు మనిషికి, ఒకే మొత్తానికి, ఒకే రకం పాలసీకి కంపెనీల మధ్య తేడా రెట్టింపు దాటింది. అప్పటిదాకా తేడా ఉంటుందని కూడా చాలామందికి తెలియదు.

ఆ వరుసలోనే ఆసుపత్రుల మీద, సర్జరీల మీద, పళ్ల వైద్యం మీద కూడా ఇలాంటి గైడ్లు తెచ్చారు. బీమా కమిషనర్‌కు సర్జరీలతో ఏం పని అని డాక్టర్లు మండిపడ్డారు. ఆయన వాదన సూటిగా ఉంది. అవసరం లేని ఆపరేషన్ చేస్తే ఆ బిల్లు ఆరోగ్య బీమా మీద పడుతుంది. అది ప్రీమియంలోకి ఎక్కుతుంది. చివరికి కట్టేది జనమే. నేరుగా సర్జన్ దగ్గరికి పరుగెత్తకండి, ముందు మామూలు డాక్టరును కలవండి, ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోండి అని ఆ గైడు చెప్పింది. మన దగ్గర ఈ మాట ఇప్పటికీ ఏ ప్రభుత్వ శాఖా అంత గట్టిగా చెప్పడం నేను వినలేదు.

ఫిలడెల్ఫియా ప్రాంతపు బ్లూ క్రాస్ అనే ఆరోగ్య బీమా సంస్థ రేట్లు పెంచుతామని వచ్చినప్పుడు ఆయన నడిచిన తీరు లా విద్యార్థిగా మీరు గమనించాలి. మామూలుగా అయితే కమిషనర్ పెంపు ఎంత అన్నదాని మీద బేరమాడి సంతకం పెడతాడు. ఈయన బహిరంగ విచారణ పెట్టి, అసలు ఆసుపత్రులతో మీరు చేసుకున్న ఒప్పందం ఎలా ఉందని అడిగారు. ఆసుపత్రి ఖర్చయిందన్నదల్లా చెల్లించేలా ఒప్పందం రాసుకుంటే రేటు పెరగక ఏమవుతుంది? ముందు ఆ ఒప్పందాలు తిరగరాసుకోండి అని పట్టుబట్టారు. చట్టం ఆయన చేతికి ఇచ్చింది రేటు మీద అధికారం. దాన్ని ఆసుపత్రి బిల్లు దాకా తీసుకెళ్లడం లాయరు బుర్ర. ఆయన పనులన్నింటిలో నాకు ఎక్కువ నచ్చింది ఇదే.

పాలసీ భాష ఆయన పట్టించుకున్న ఇంకో విషయం. రాత ఎంత సులువుగా అర్థమవుతుందో కొలిచే ఫ్లెష్ స్కోరు అని ఒకటి ఉంది. ఆ కొలతతో చూస్తే అప్పటి మామూలు కారు పాలసీకి ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం మీది రాత కంటే తక్కువ మార్కులు వచ్చాయట. ఇన్సూరెన్స్ పాలసీ లాయర్లకు లాయర్లు రాసుకునే కాగితం కాకూడదని ఆ రోజుల్లో మొదలైన ఒత్తిడి వృథా పోలేదు. ఆ తర్వాతి ఏళ్లలో చాలా రాష్ట్రాలు పాలసీకి కనీసం ఇంత స్కోరు ఉండాలని చట్టాలు చేశాయి. రాష్ట్రాల కమిషనర్ల సంఘం తయారుచేసిన నమూనా చట్టంలో ఆ కనీసం 40.

ఆయన మీద విమర్శలు లేకపోలేదు. పత్రికల వాళ్లను పిలిచి మాట్లాడడం ఎక్కువని, తొందరెక్కువని అన్నారు. కంపెనీల ర్యాంకులు వయసును బట్టి, ఎన్నేళ్లు ఉంచుకుంటారన్నదాన్ని బట్టి మారతాయి కాబట్టి ఒక్క పట్టికతో తేల్చడం సరికాదన్న అభ్యంతరంలో కొంత న్యాయం ఉంది కూడా. కానీ అసలు పట్టికే లేని చోట మొదటి పట్టిక వేయడానికి ఎవరో ఒకరు తెగించాలి.

1974లో పదవి వదిలి అమెరికా సెనేట్‌కు పోటీ చేద్దామని డెమొక్రటిక్ పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, అంటే ప్రైమరీలో దిగారు. పిట్స్‌బర్గ్ మేయర్ పీట్ ఫ్లాహర్టీ చేతిలో ఓడిపోయారు. తప్పొప్పులతో పనిలేని మోటారు బీమా చట్టం పెన్సిల్వేనియాలో అదే ఏడాది వచ్చింది. దానికోసం ఆయన, షాప్ గట్టిగా పనిచేశారు. పదేళ్లకు, 1984లో దాన్ని రద్దు చేశారు. ఆ తర్వాత డెనెన్‌బర్గ్ ఫిలడెల్ఫియాలో ఒక టీవీ చానల్లో వినియోగదారుల విలేకరిగా చాలా ఏళ్లు పనిచేశారు. పనికిరాని వస్తువులను కెమెరా ముందు చెత్తబుట్టలో వేసే ఆయన కార్యక్రమం ఆ ఊళ్లో అందరికీ తెలుసు. 2010లో చనిపోయారు.

మీకు నేను చెప్పే పని ఒకటి. ఇంట్లో ఉన్న ఏదో ఒక ఆరోగ్య బీమా పాలసీ తీసి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, ‘వర్తించనివి’ అన్న భాగంతో సహా చదవండి. అర్థం కాని ప్రతి వాక్యం కింద గీత గీయండి. లా మూడో ఏడాదిలో మీకు అర్థం కానిది ఆ పాలసీ కొన్న మనిషికి ఎలా అర్థమవుతుందన్న ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

ప్రశ్న: మేము పదేళ్లుగా అమెరికాలో ఉంటున్నాం. పౌరసత్వం వచ్చాక 2022లో మొదటిసారి ఓటు వేశాను. బ్యాలెట్‌లో గవర్నర్‌తో పాటు ఇన్సూరెన్స్ కమిషనర్ అని ఒక పదవి ఉంది. ఎవరికి వేయాలో తెలియక ఖాళీగా వదిలేశాను. న్యూజెర్సీలో ఉన్న మా చెల్లి మాకు అలాంటి ఎన్నికే లేదంటోంది. ఒకే దేశంలో ఇలా ఎందుకు?
– ఒక పాఠకురాలు, ఆల్ఫరెటా, జార్జియా

జవాబు: ఇద్దరూ చెప్పింది నిజమే అమ్మా. మొత్తం 11 రాష్ట్రాల్లో ఈ కమిషనర్‌ను ప్రజలే ఎన్నుకుంటారు. వాటిలో మీ జార్జియా, కాలిఫోర్నియా, వాషింగ్టన్, నార్త్ కరొలైనా ఉన్నాయి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న టెక్సాస్, న్యూజెర్సీల్లో గవర్నర్ నియమిస్తారు.

రాష్ట్రానికో తీరు ఎందుకంటే దాని వెనక చాలా పాత కేసు ఉంది. అంతర్యుద్ధం ముగిసిన కొత్తలో వర్జీనియాలోని పీటర్స్‌బర్గ్‌లో శామ్యూల్ పాల్ అనే ఏజెంటు న్యూయార్క్ కంపెనీల అగ్నిప్రమాద పాలసీలు అమ్మాడు. వర్జీనియా చట్టం అడిగిన లైసెన్సు తీసుకోలేదు. 50 డాలర్ల జరిమానా పడింది. రాష్ట్రాల మధ్య వ్యాపారం మీద అధికారం కేంద్రానిదే కదా, వర్జీనియా నన్నెలా ఆపుతుందని సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. పాలసీ అమ్మడం వ్యాపారమే కాదు, అదొక ఒప్పందం మాత్రమే అని 1869లో కోర్టు తీర్పిచ్చింది. ఆ ఒక్క మాటతో బీమా మొత్తం రాష్ట్రాల చేతిలో ఉండిపోయింది. 1944లో సుప్రీంకోర్టు తన మాట మార్చుకుని, బీమా కూడా వ్యాపారమే అంది. అప్పటికి రాష్ట్రాల వ్యవస్థ బాగా వేళ్లూనుకుంది. దాంతో 1945లో కాంగ్రెస్ మెకారన్–ఫెర్గూసన్ చట్టం చేసి ఆ అధికారాన్ని రాష్ట్రాలకే వదిలిపెట్టింది. మీ కారు ఇన్సూరెన్స్ కాగితం, మీ చెల్లి కాగితం ఒకేలా లేకపోవడానికి కారణం ఇది.

ఎన్నిక మంచిదా, నియామకం మంచిదా అంటే నేను ఒక పక్షం తేల్చి చెప్పలేను. ఎన్నికైన మనిషికి గవర్నర్ దయ అక్కర్లేదు. ఆ మేరకు ధైర్యం ఉంటుంది. కానీ ఎన్నికకు డబ్బు కావాలి. ఆ డబ్బు ఇవ్వడానికి ముందుకొచ్చేది తరచూ ఆ పరిశ్రమే. కాలిఫోర్నియాలో చక్ క్వాకెన్‌బుష్ అనే కమిషనర్ ఉండేవాడు. 1994 నార్త్‌రిడ్జ్ భూకంపం క్లెయిముల్లో అవకతవకలు చేసిన కంపెనీలకు భారీ జరిమానాలు వేయడానికి బదులు, కొన్ని ఫౌండేషన్లకు విరాళాలు ఇప్పించి సర్దుబాటు చేశాడు. ఆ ఫౌండేషన్ల డబ్బుతో ఆయనే కనిపించే టీవీ ప్రకటనలు వచ్చాయి. శాసనసభ విచారణ మొదలయ్యాక 2000లో రాజీనామా చేశాడు. అదే పదవిలో 2011 నుంచి 2019 దాకా ఉన్న డేవ్ జోన్స్ నడక వేరు. హార్వర్డ్‌లో లా చదివి, శాక్రమెంటోలో పేదలకు ఉచిత న్యాయసహాయం చేసే లాయరుగా మొదలై, సిటీ కౌన్సిల్, శాసనసభ మీదుగా అక్కడికి వచ్చారు.

కాబట్టి వచ్చేసారి ఆ గడి ఖాళీగా వదలకండి. అభ్యర్థి ఇదివరకు ఏ ఉద్యోగం చేశాడు, ప్రచారానికి విరాళాలు ఎవరిచ్చారు అన్న రెండూ చూడండి. విరాళాల వివరాలు రాష్ట్రానికి సమర్పించాలి, అవి ఎవరైనా చూడొచ్చు. మీ ఇంటి, కారు ప్రీమియం మీద గవర్నర్ కంటే ఆ పదవి ప్రభావమే నేరుగా ఉంటుంది.

ప్రశ్న: మీరెప్పుడూ కంపెనీల మీద, మా ఏజెంట్ల మీదే రాస్తారు. ప్రభుత్వం రేట్లు బిగిస్తే కంపెనీలు దుకాణం కట్టేసి పోవా? పట్టికలు వేసి పేర్లు పెడితే మా పొట్ట కొట్టినట్టే కదా?
– జీవిత బీమా ఏజెంటు, రాజమహేంద్రవరం

జవాబు: మీ మొదటి ప్రశ్నలో బలముంది. కాలిఫోర్నియానే తీసుకోండి. 1988 నవంబరులో అక్కడి ఓటర్లు ప్రతిపాదన 103 అనే దాన్ని గెలిపించారు. రేటు పెంచాలంటే కమిషనర్ ముందస్తు అనుమతి ఉండాలి. ఇంటి, కారు బీమాలో పెంపు 7 శాతం దాటితే ఎవరైనా బహిరంగ విచారణ కోరవచ్చు. కమిషనర్‌ను ప్రజలు ఎన్నుకోవాలన్నది కూడా అప్పుడు వచ్చిందే. కారు ఉన్నవాళ్లకు చాలా ఏళ్లపాటు అది మేలు చేసింది. కానీ అడవి మంటలు పెరిగాక, గడిచిన ఏళ్ల నష్టాల లెక్కతోనే రేటు అడగాలి, రాబోయే ముప్పు లెక్కలోకి తీసుకోకూడదు అన్న నిబంధన కంపెనీలకు గిట్టలేదు. 2023 మేలో అక్కడి అతిపెద్ద ఇళ్ల బీమా కంపెనీ స్టేట్ ఫామ్ కొత్త పాలసీలు ఆపేసింది. మరికొన్ని కూడా తగ్గించుకున్నాయి. ఎక్కడా బీమా దొరకనివాళ్లు ఫెయిర్ ప్లాన్ అనే ఆఖరి దిక్కుకు చేరారు. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ మంటలు వచ్చేటప్పటికి నిబంధనలు మార్చే పని అప్పుడే ఒక కొలిక్కి వచ్చింది. రేటు ఆపడం తెలిసిన రెగ్యులేటర్‌కు ఎప్పుడు వదలాలో కూడా తెలిసి ఉండాలి. అది ఒప్పుకుంటాను.

రెండోది మాత్రం ఒప్పుకోను. పట్టిక వేస్తే పొట్ట కొట్టేది ఎవరికి? మంచి పాలసీ అమ్మే ఏజెంటుకు ఆ పట్టికే ఆసరా. ఇంకో సంగతి చెప్తాను. పాలసీ మధ్యలో ఆపేసిన మనిషికి ఎంతో కొంత తిరిగివ్వాలన్న నియమం ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఎలిజర్ రైట్ అనే లెక్కల మాస్టారు 1844లో లండన్ వెళ్లినప్పుడు, ప్రీమియం కట్టలేని ముసలివాళ్ల పాలసీలను వేలం వేయడం చూశాడు. ఆ మనిషి ఎంత త్వరగా చనిపోతే కొన్నవాడికి అంత లాభం. బానిసత్వానికి వ్యతిరేకంగా పోరాడుతున్న రైట్‌కు అది మనుషుల వేలంలాగే కనిపించింది. తర్వాత మసాచుసెట్స్‌లో కంపెనీలు తగినంత నిధి పక్కన పెట్టాలని 1858లో చట్టం చేయించి, అక్కడి బీమా కమిషనర్ అయ్యి, కట్టిన డబ్బు పూర్తిగా పోకూడదని 1861లో ఇంకో చట్టం చేయించాడు. మన దేశంలో 2024 అక్టోబరు 1 నుంచి అమ్మే జీవిత బీమా పాలసీల్లో ఒక ఏడాది ప్రీమియం పూర్తిగా కట్టినా కొంత సరెండర్ సొమ్ము వచ్చేలా నియమం మారింది. దానివల్ల మీ కమీషన్ల తీరు కొంత మారిందని నాకు తెలుసు. మొదటి ఏడాదే పాలసీ ఆగిపోయి కట్టిందంతా పోగొట్టుకున్న కూలి మనుషులు నా దగ్గరికి వచ్చినప్పుడు చట్టంలో ఏమీ లేక తిప్పి పంపించాల్సి వచ్చేది. నేను వాళ్ల పక్షానే ఉంటాను.

ప్రశ్న: మా అమ్మాయి ఎల్‌ఎల్‌బీ పూర్తి చేసింది. కోర్టు ప్రాక్టీసు అంటే మాకు టెన్షన్‌గా ఉంది. హైదరాబాద్‌లో ఐఆర్‌డీఏఐ ఉంది కదా, అక్కడ లాయర్లకు ఉద్యోగాలుంటాయా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ఉంటాయి. 1999 చట్టంతో ఏర్పడిన ఈ బీమా నియంత్రణ సంస్థ 2001లో ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు వచ్చింది. ఇప్పుడు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో సొంత భవనం ఉంది. అమెరికాలోలా మనకు రాష్ట్రానికో రెగ్యులేటర్ లేరు, దేశం మొత్తానికి ఇదొక్కటే. అసిస్టెంట్ మేనేజర్ పోస్టుల్లో లీగల్ విభాగం విడిగా ఉంటుంది. 2024 నోటిఫికేషన్‌లో మొత్తం 49 పోస్టులు వేశారు. లా డిగ్రీలో 60 శాతం మార్కులు, వయసు 21 నుంచి 30 మధ్య అడిగారు. ముందు ఆన్‌లైన్ పరీక్ష, తర్వాత ఇంగ్లిష్, ఆర్థిక సామాజిక అంశాలు, ఇన్సూరెన్స్–మేనేజ్‌మెంట్ మీద రాత పరీక్షలు, చివర ఇంటర్వ్యూ. నోటిఫికేషన్ ప్రతి ఏడాదీ రాదు, కాబట్టి ఇదొక్కటే నమ్ముకుని కూర్చోవద్దు.

చట్టంలో సంస్థ సభ్యుల అర్హతల జాబితాలో జీవిత బీమా, ఆర్థికం, అకౌంట్సుతో పాటు న్యాయశాస్త్రం కూడా రాశారు. అంటే పై దాకా దారి ఉంది. పని ఎలా ఉంటుందంటే, నిబంధనల ముసాయిదాలు రాయడం, కంపెనీలకు షోకాజ్ నోటీసులు, జరిమానా ఉత్తర్వులు తయారుచేయడం, వాటి మీద ముంబైలోని సెక్యూరిటీస్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌లో వచ్చే అప్పీళ్లు చూసుకోవడం.

ఒక మార్పు కూడా మీ అమ్మాయికి చెప్పండి. 2022 నుంచి చాలా రకాల పాలసీలను కంపెనీలు ముందుగా అనుమతి తీసుకోకుండానే మార్కెట్లోకి తెచ్చి, తర్వాత వివరాలు దాఖలు చేయవచ్చు. అమ్మకానికి ముందు చదవాల్సిన కాగితాన్ని అమ్మిన తర్వాత చదవడం అన్నమాట. నాకిది బాధగానే ఉంది. ఇలాంటప్పుడు లోపల కూర్చుని ఆ కాగితాన్ని కొన్నవాడి కళ్లతో చదివే లాయర్లు ఎక్కువమంది కావాలి. కానీ ఒక మాట, రెండు మూడేళ్లు వినియోగదారుల కమిషన్లలో ప్రాక్టీసు చేసి వెళ్తే ఆ పని ఇంకా బాగా చేస్తుంది. కోర్టుకు పంపడానికి అంత భయపడకండి.

ప్రశ్న: మా వారికి గుండె ఆపరేషన్ అయింది. ఆరేళ్లుగా ఒక్క ఏడాది కూడా ఆపకుండా ఆరోగ్య బీమా కడుతున్నాం. షుగర్ ఉన్న సంగతి మొదట చెప్పలేదని క్లెయిమ్ తిరస్కరించారు. ఫారం నింపింది ఏజెంటు, మేము సంతకం పెట్టాం. ఈ కమిషనర్లు, రెగ్యులేటర్ల వల్ల మాలాంటివాళ్లకు ఒరిగేదేమైనా ఉందా?
– రిటైర్డ్ టీచరు, తెనాలి

జవాబు: ఉందండి, మీ విషయంలో చాలానే ఉంది. ఐఆర్‌డీఏఐ 2024లో మార్చిన నిబంధన ప్రకారం ఆరోగ్య పాలసీ వరుసగా 60 నెలలు నడిచాక, మోసం చేశారని రుజువు చేస్తే తప్ప, ఫలానా జబ్బు దాచారన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదు. అంతకుముందు ఇది 8 ఏళ్లు ఉండేది. మీకు ఆరేళ్లు దాటాయి. మోసమని రుజువు చేయాల్సిన బాధ్యత కంపెనీదే. ఏజెంటు నింపిన ఫారం మీద సంతకం పెట్టడమే మోసమైపోదు.

ముందు తిరస్కరణ లేఖ తీసుకుని చూడండి. పాలసీలోని ఏ నిబంధన ప్రకారం తిరస్కరించారో అందులో స్పష్టంగా రాయాలి. క్లెయిముల సమీక్ష కమిటీ ఆమోదం లేకుండా తిరస్కరించకూడదు కాబట్టి, ఆ కమిటీ నిర్ణయం ఏ తేదీన జరిగిందో కూడా అడగండి. కంపెనీ గ్రీవెన్స్ అధికారికి ఫిర్యాదు రాసి, 60 నెలల నిబంధనను అందులో ప్రస్తావించండి. ఆరేళ్ల ప్రీమియం రసీదులు జత చేయండి. బీమా భరోసా పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు, ఆన్‌లైన్ కుదరకపోతే 155255 నంబరుకు ఫోన్ చేయండి.

నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు విని తీర్పిచ్చే అధికారి, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాయండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణతో పాటు యానాం కూడా ఆయన పరిధిలోకే వస్తుంది. ఫీజు లేదు. లాయరును పెట్టుకోకూడదు, మీరే మాట్లాడాలి. టీచరుగా పనిచేసినవారు, మీకది కష్టం కాదు. 50 లక్షల రూపాయల దాకా ఇప్పించే అధికారం ఆయనకుంది. కంపెనీ తిరస్కరించిన తేదీ నుంచి ఏడాదిలోపు వెళ్లాలి, ఆలస్యం చేయకండి. ఆ తీర్పు మీకు నచ్చకపోతే గుంటూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్ తలుపు ఇంకా తెరిచే ఉంటుంది. అక్కడ రెండేళ్ల గడువు. రెండు చోట్లా ఒకేసారి మాత్రం వేయకండి, వినియోగదారుల కమిషన్‌లో కేసు ఉంటే అంబుడ్స్‌మన్ మీ ఫిర్యాదు తీసుకోరు.

ఇంకొక్క పని. పాలసీతో పాటు కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అని ఒక చిన్న కాగితం ఇవ్వాలి. ఏది వర్తిస్తుంది, ఏది వర్తించదు, ఎన్నాళ్లు ఆగాలి అన్నవి అందులో మామూలు మాటల్లో ఉండాలని 2024 జనవరి 1 నుంచి నియమం. అడిగితే మన భాషలో ఇవ్వాలి. మీ పాలసీకి తెలుగు కాగితం కావాలని ఫిర్యాదుతో పాటే విడిగా ఒక ఉత్తరం రాసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి.